పోయారండి

నా భార్య అనసూయ మెదడులోని గడ్డకు ఆపరేషన్ చేయించడానికి ఉయ్యూరు నుంచి సింగపూరులోని ఒక ఆస్పత్రికి వెళ్ళాము. తెలుగు తెలిసిన సహాయకురాలిని ఇస్తామని ఆ ఆస్పత్రికి విజయవాడలో ఉన్న కార్యాలయం వారు మాట ఇచ్చారు, నిలబెట్టుకున్నారు. ఆ అమ్మాయి పేరు సుమతి. వారి కుటుంబం తరాల క్రితమే వలస వెళ్ళింది. ఆమెకు వచ్చిన తెలుగు నాయనమ్మ నోట విన్నదే.

ఆపరేషన్ గది బయట కూర్చుని, డాక్టర్లు చెప్పారని సుమతి తెలుగులో వివరించినవన్నీ అలవాటు కొద్దీ రాసుకుంటున్నాను. పూర్తవుతుందన్న వేళ దాటిపోయింది. అప్పుడు సుమతి తలుపు తోసుకుని నవ్వుతూ వచ్చింది.

“తాతగారూ, మామ్మగారు పోయారండి.”

చేతిలోని కలం జారిపడింది. ఆ నవ్వేమిటో అర్థం కాలేదు. “ఎప్పుడమ్మా?” అన్నాను.

“ఇప్పుడేనండి, లిఫ్టులో. పై వార్డుకి. మిమ్మల్నీ రమ్మన్నారు.”

భయమంతా కోపమై లేచింది. “పోయారనకూడదు! మా వైపు చనిపోయినవాళ్ళనే అలా అంటాం. తీసుకెళ్ళారు అనాలి. ప్రాణాలతో పని చేసే చోట ఆ మాత్రం నేర్పరా?”

“మా నాయనమ్మ ఎవరు బజారుకి వెళ్ళినా అలాగే అనేదండి,” అంది సుమతి, ముఖం పాలిపోయి.

వార్డులో అనసూయ తలనిండా కట్టుతో కదలకుండా పడుకుని ఉంది. డాక్టరు నాకు అందని ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. సుమతి నోరు తెరిచి, ఆగిపోయింది. ఏ మాట తప్పవుతుందోనని వెతుక్కుంటోంది. ఆ మౌనం ఇందాకటి మాట కంటే ఎక్కువ భయపెట్టింది.

“ఏ మాటైనా సరే, చెప్పు తల్లీ,” అని బతిమాలాను.

“లేస్తారండి,” అంది. వెంటనే బెదురుగా అడిగింది: “ఈ మాట మంచిదేనాండీ?”