క్రోసూరు వాళ్ళకు తూకమేసి పోసిన కాఫీ

రెంటచింతలలో నా గురించి ఎవరినైనా అడిగి చూడండి. నా చదువు చెప్పరు, బెంగళూరు కంపెనీలో ఉద్యోగం చెప్పరు, ఊళ్ళో సగం మంది ఫోన్లు నేను ఊరికే బాగుచేసి పెట్టిన సంగతి అసలే చెప్పరు. "ఆ తూకం కాఫీ అబ్బాయా" అని నవ్వి మా ఇంటివైపు వేలు చూపిస్తారు. అలా నవ్వినవాళ్ళందరి పేర్లూ నాకు గుర్తున్నాయి. ముందు జరిగింది వినండి, విని మీరే న్యాయం చెప్పండి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. నేను ఒకే ఒక్క నిజమైన కాఫీ పోసి, కుదిరిన నా పెళ్ళిని నా చేతులతోనే పెటాకులు చేసుకున్నంత పని చేశాను.

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ నేను శ్రద్ధగా నేర్చుకున్న విద్య ఒక్కటే, ఎస్ప్రెస్సో కాఫీ దించడం. మీరు పెళ్ళిళ్ళలో తాగిన కాఫీ కాదిది. అక్కడ బాయిలరు పక్కన ఒకాయన నిలబడి, పాలచెంబులోకి ఆవిరి వదిలి, కుయ్యిమని ఊరందరినీ లేపి, నురగ మీద చాక్లెట్ పొడి చల్లి ఇస్తాడు. చిన్నప్పుడు దాని కోసం నేనూ మోచేతులతో పొడిచి ముందుకెళ్ళినవాణ్ణే. కానీ అసలుది వేరు. గింజలు అప్పటికప్పుడు పొడి చేయాలి. ఆ పొడిని గ్రాముల్లో తూచాలి. పిడి ఉన్న చిన్న జల్లెడగిన్నెలో పోసి గట్టిగా అదమాలి. మిషను వేడినీళ్ళను దాని గుండా బలంగా తోస్తే తేనెలాంటి సన్నటి ధార దిగుతుంది, పైన బంగారు రంగు నురగ కడుతుంది. గుక్కెడు మాత్రమే. ఆ పైన దిగేదంతా చేదు. ఈ విద్య వచ్చాక నాకు మనుషులు రెండు రకాలుగా కనపడసాగారు. తెలిసినవాళ్ళు, మావాళ్ళు.

ఇంటి నుంచే పని చేసుకోమని కంపెనీ చెప్పగానే, మిషను ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఊరికి వచ్చాను. ఆ కాలంలోనే సుభానీ మామ నాకొక సంబంధం తెచ్చాడు. ఆయన మా పక్కింట్లో ఉండే ట్రాక్టర్ మెకానిక్. మా నాన్నను బావా అని, నన్ను అల్లుడూ అని పిలుస్తాడు. పనిమీద క్రోసూరు వెళ్ళి, అక్కడ ట్రాక్టరుతో పాటు మాధవి వాళ్ళ కుటుంబాన్ని కూడా పరిశీలించి వచ్చాడు. పెళ్ళిచూపుల్లో మాధవితో వరండాలో కాసేపు మాట్లాడాను. మాట్లాడింది మొత్తం కాఫీ గురించే. పిల్ల ఆవులించలేదు. పైగా వాళ్ళ తాతయ్యకు కాఫీ అంటే ప్రాణమని, ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు ఆయనకు నా చేత్తో ఇవ్వమని చెప్పింది. ఆ మాటతో నేను నేల మీద లేను. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలి, ఆ తాతయ్యను కాఫీతోనే గెలవాలి అనుకున్నాను.

మా వైపు సంబంధం ఖాయం చేసే ముందు ఆడపిల్లవాళ్ళు ఇల్లు చూసుకోవడానికి వస్తారు. చూసేది ఇల్లు అంటారు గానీ గోడలు ఎవరూ చూడరు. పాడి చూస్తారు, పెట్టుపోతలు చూస్తారు, తమ పిల్ల ఇక్కడ కడుపునిండా తింటుందా లేదా అని చూస్తారు. ఈ ముక్క నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. అమ్మ చెప్పానంటుంది. చెప్పడం వేరు, నేను వినేలా చెప్పడం వేరు.

ఆ ఉదయం అమ్మ చిక్కటి గేదెపాలు పొయ్యి మీద పెట్టింది. నేను దించేశాను.

"ఒరేయ్, వచ్చినోళ్ళకి పాలు లేకుండా ఇస్తే ఏమనుకుంటారురా" అంది అమ్మ.

"ఇటలీలో ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాను.

"వచ్చేది క్రోసూరు నుంచి గదరా" అంది. ఆవిడ మాటలో బలం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను గానీ, ఇది మా అమ్మ చదవకూడదు.

మే నెల. రెంటచింతల ఎండ గురించి నేను చెప్పనక్కర్లేదు. వేసవి వార్తల్లో మా ఊరి పేరు రాకపోతే మాకే వెలితిగా ఉంటుంది. మాధవి తాతయ్య, వాళ్ళ నాన్న, బాబాయి కోటయ్య కారు దిగి, చెమటలు తుడుచుకుంటూ వచ్చి కూలరు ముందు కూర్చున్నారు. సంబంధం తెచ్చినవాడు గనుక సుభానీ మామ కూడా వాళ్ళ పక్కనే చేరాడు. పెద్దాయన కండువా తీసి, కళ్ళు మూసుకుని, ఆ గాలికి ముఖం అప్పగించాడు. సరిగ్గా అప్పుడే నేను వెళ్ళి కూలరు ఆపాను.

ఆపక తప్పదు. మా ఇంట్లో కూలరూ నా మిషనూ కలిసి వేస్తే ఫ్యూజు కొట్టేస్తుంది. పెద్దాయన కళ్ళు తెరిచి కూలరు వైపు, ఆ తర్వాత నా వైపు చూశాడు. చిన్నగా నవ్వి వంటింట్లోకి వెళ్ళాను. కారణం చెప్పి ఉండాల్సిందని ఇప్పుడు అందరూ అంటారు. జరిగిపోయాక ప్రతివాడూ పెళ్ళిళ్ళ పేరయ్యే.

చేతులు కడుక్కోవడానికి కోటయ్య పెరట్లోకి వెళ్తూ వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు. నేను చిన్న కాటా మీద కాఫీ పొడి తూస్తున్నాను. రెండు పలుకులు ఎక్కువైతే చిటికెతో తీసి డబ్బాలో వేశాను.

"ఇదేందబ్బాయ్, బంగారం తూచేదా?"

"కాదు బాబాయ్, కాఫీ పొడికి. ఒక్క గ్రాము ఎక్కువ పడినా నేను ఊరుకోను."

"మీ ఇంట్లో అన్నీ ఇట్టాగే తూస్తారా?"

"నేను కాఫీ ఒక్కటే. బియ్యం సంగతి అమ్మనడగాలి."

ఆయన తల పంకించి, చేతులు కడుక్కోకుండానే వెనక్కి వెళ్ళి పెద్దాయన చెవిలో చాలాసేపు మాట్లాడాడు. నా నైపుణ్యాన్ని మెచ్చుకుంటున్నాడనుకున్నాను. నా స్థానంలో ఉంటే మీరూ అలాగే అనుకునేవారు.

పళ్ళెంలో చిన్న చిన్న పింగాణీ కప్పులు, ఒక్కొక్కదాని పక్కన గ్లాసుడు మంచినీళ్ళు పెట్టుకుని, దేవుడికి హారతి తెచ్చినట్టు తెచ్చాను. నిండు కుండ తొణకదంటారు. నిండని కప్పు అసలే తొణకదు, కాబట్టి నడక చాలా హుందాగా కుదిరింది. పెద్దాయన కప్పు అందుకుని లోపలికి చూశాడు. మిగతాది వస్తుందేమోనని గుమ్మం వైపు చూశాడు. అమ్మ అప్పటికే కొంగుతో ముఖం కప్పుకుంది.

"ఉగ్గుగిన్నెలో పోశావేందయ్యా" అన్నాడు.

"ఇంతే తాతయ్యా. ఇంతకు మించి పోస్తే పాడవుతుంది."

ఆయన నోట్లో పోసుకున్నాడు. ఆ ముఖాన్ని నేను వర్ణించలేను. వేపపుల్ల నమిలిన పసిపిల్లవాణ్ణి ఊహించుకుని, వాడికి తెల్లమీసాలు తగిలించండి. మంచినీళ్ళ గ్లాసు మొత్తం తాగాడు, కోటయ్య గ్లాసు కూడా తాగాడు. తర్వాత చాలా మర్యాదగా, "నాకు జొరమేం లేదయ్యా" అన్నాడు.

నాన్న నన్ను లోపలికి పొమ్మని కళ్ళతోనే బతిమాలాడు. నేను వెళ్ళలేదు. కషాయం అనిపించుకోవడానికి కాదు నేను ఇంత కష్టపడింది.

"గొడ్లు వట్టిపోయినయ్యా?" అని పెద్దాయన నాన్నను అడిగాడు.

నాన్న నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "లేదు తాతయ్యా, పాలు బిందెలకు బిందెలు. దీంట్లో మాత్రం పోయకూడదు."

"మరి ఆ పాలు ఏం జేస్తారు?"

"డెయిరీకి పోస్తాం."

సుభానీ మామ తన కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు, అందులో దూకడానికి వీలుందా అన్నట్టు. ఇక విషయం అర్థమయ్యేలా చెప్పాల్సిన బాధ్యత నాదే అనుకుని ఎస్ప్రెస్సో చరిత్ర మొదలుపెట్టాను. ఇటలీలో కాఫీ కోసం జనం ఎదురుచూస్తూ కూర్చుంటే పనులు ఆగిపోతున్నాయని, చిటికెలో దించే ఆవిరి మిషను కనిపెట్టారని, తర్వాత ఒత్తిడి పెంచాక ఈ బంగారు నురగ పుట్టిందని వివరించాను. అక్కడితో ఆపి ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఆపలేదు.

"అక్కడ దీనికోసం ఎవరూ కూర్చోరు తాతయ్యా. నిలబడే గుటుక్కున తాగేసి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు."

పెద్దాయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "అర్థమైందయ్యా" అని లేచాడు. ఆయన వెనక కొడుకులిద్దరూ లేచారు. అమ్మ అరిసెల పళ్ళెంతో వీధిలోకి పరుగెత్తేసరికి కారు మలుపు తిరిగింది.

సాయంత్రం సుభానీ మామ కబురు తెచ్చాడు. "కూలరు ఆపాడు, పొడి తూశాడు, పాలు అమ్ముకున్నాడు, తాగి పొమ్మన్నాడు. పిల్లనిస్తే అన్నం గూడా తూకమేసే పెడతాడా అని అడుగుతున్నారు అల్లుడూ. నేనేం జెప్పేది?" నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. నా మీద చెప్పదలచినవన్నీ గేదెలకు చెప్పసాగాడు, నాకు వినపడేలా.

తప్పు చేయనివాడు ఎందుకు ఊరుకోవాలి? మాధవికి ఫోనులో పొడుగాటి వాయిస్ మెసేజ్ పంపాను. తూకం ఎందుకు, పాలు ఎందుకు వద్దు, ఫ్యూజు ఎంత బలహీనం, అన్నీ చెప్పాను. ఆమె ఫోన్ చేసింది.

"మొత్తం విన్నాను. తప్పు మా తాతయ్యదేనని తేల్చారు."

"తేల్చడమేముంది, అది నిజమే గదా" అన్నాను. ఇక అయిపోయింది అనుకున్నాను.

ఆమె నవ్వింది. "ఇంట్లో అందరూ మీరు పిసినారి అంటున్నారు. కాదు, వట్టి మొండి అని నేనన్నాను. పిసినారితో కాపురం జేయలేం గానీ, మొండోడితో పోట్లాడుకుంటా బతకొచ్చు."

మనవరాలి మాట కాదనలేక పెద్దాయన దిగివచ్చాడు. ఒక్క మాట మాత్రం కబురు పెట్టాడు. సారె ఏం పెట్టాలో తన ఇష్టమట, ఎవరూ అడ్డు చెప్పకూడదట. నాకు పిల్ల దక్కితే చాలు, సరేనన్నాను. ఏం పెడతారని అడగాలనైనా తోచలేదు.

పెళ్ళయ్యాక మాధవి మా ఇంట్లో అడుగుపెట్టిన రోజున, కారు వెనకే ఒక చిన్న లారీ వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. అందులో పసుపు రాసిన కొమ్ములతో, మెడలో బంతిపూల దండతో, దూడను పక్కన పెట్టుకుని ఒక ముర్రా గేదె నా వైపే చూస్తోంది. ముందు సీటులోంచి పెద్దాయన దిగాడు. వీధిలో అందరూ బయటికి వచ్చేదాకా ఆగాడు. అప్పుడు మా అమ్మతో అన్నాడు, చివరి ఇంటివాళ్ళకు కూడా వినపడేంత నెమ్మదిగా.

"మీ పాలు మీరు డెయిరీకే పోసుకోండమ్మా. మా పిల్ల కాఫీకి పాలు మేం తెచ్చుకున్నాం."

ఇంతటి అవమానం పల్నాడులో ఏ అల్లుడికైనా జరిగిందా? గేదెను వెనక్కి పంపాల్సిందేనని పట్టుబట్టాను. నాన్న దాని పొదుగు చూసి, నెలల తరబడి మాట్లాడని మనిషి నోరు విప్పి, "నువ్వు పోతే పోరా, గేదె ఉంటది" అన్నాడు.

అందువల్ల, జరిగినదాంట్లో నా తప్పు ఏమీ లేదని మరోసారి స్పష్టం చేస్తూ, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మా గడప తొక్కినవాడు పగవాడైనా సరే, పొర్లిపోయేంత లోటా నిండా పాలకాఫీ ఇస్తాను. కాటా బయటికి తీయను. ఫ్యూజు పేలినా కూలరు ఆపను. తాగేశాక ఇంకాసేపు కూర్చోమని చెయ్యి పట్టుకుని బతిమాలుతాను. ఇటలీ వాళ్ళు నిలబడి తాగుతారో, పరుగెత్తుతూ తాగుతారో, ఊపిరి ఉన్నంతవరకు ఎవరికీ చెప్పను. వాళ్ళకేం, వాళ్ళు క్రోసూరు పిల్లను అడగబోయారా?