గుప్పిట్లో తాళంచెవులు

కర్నూలు బస్టాండులో పొద్దున ఆరుంబావుకు కోయిలకుంట్ల బస్సు ఎక్కాను. సంచిలో ఒక జత బట్టలు, బీపీ మాత్రలు, ల్యాప్‌టాప్, మూరెడు పొడవు గుడ్డబొమ్మ ఒకటి. బొమ్మ తల సంచిలోంచి బయటికి వచ్చి ఉంటే పక్కసీటు పెద్దాయన చూసి, మనవరాలికా అని అడిగాడు. కాదు, నర్సులకు అన్నాను. ఆయన నన్ను కాసేపు తేరిపార చూసి కిటికీ వైపు తిరిగాడు.

నేను పిల్లల డాక్టర్ని. రిటైరై మూడేళ్లయింది. పిల్లల్లో మూర్ఛను ఎలా గుర్తుపట్టాలో, ఫిట్స్ వచ్చిన నిమిషంలో ఏం చేయాలో పల్లెల్లో పనిచేసే నర్సులకు నేర్పమని పిలిస్తే పోతుంటాను. ఈసారి ఒకరోజు కోయిలకుంట్లలో, మర్నాడు కడపలో. కోయిలకుంట్లలో నిరుడు కూడా చెప్పాను. చెప్పింది ఎంత నిలిచిందో చూడాలని నేనే పనిగట్టుకుని మళ్లీ అక్కడ పెట్టించుకున్నాను. ఆ కోరిక కోరకుండా ఉండాల్సింది.

ఓర్వకల్లు రాళ్లు దాటేసరికే ఎండ చురుక్కుమంటోంది. బనగానపల్లెలో ఎనిమిదింటికి పది నిమిషాలు ఆపాడు. అటు వెళ్లేవాళ్లు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అక్కడే తినేయండి. కోయిలకుంట్లలో హోటలు వెతుక్కునే తీరిక నాకు దొరకలేదు. తొమ్మిదింటికి దిగాను, పదింటికి తరగతి.

హాల్లో ముప్పైమంది దాకా ఉన్నారు. నేను వెతికింది లక్ష్మీదేవి కోసం. దగ్గర్లోని ఒక పల్లెలో ఆరోగ్య కేంద్రం నర్సు. ఆ ఊరి పేరు రాయను. నిరుడు పరీక్షలో ఒక్క తప్పు లేకుండా రాసింది ఆమె ఒక్కతే. నేను నా సొంత పెన్ను బహుమతిగా ఇచ్చి, అందరితో చప్పట్లు కొట్టించాను. ఇప్పుడు చివరి వరసలో తలుపు పక్కన కూర్చుని ఉంది.

పాఠం చిన్నదే, గుడ్డబొమ్మ మీద చేసి చూపిస్తాను. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. గడియారం చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటినా ఫిట్స్ ఆగకపోతే ముక్కులో మందు కొట్టాలి, ఆలస్యమైతే మెదడు దెబ్బతింటుంది. ఆ తర్వాత తెరమీద ఒక బొమ్మ వస్తుంది, చిన్నపిల్ల గుప్పిట్లో తాళంచెవుల గుత్తి. ఈ సీమలో ఎవరికి ఫిట్స్ వచ్చినా చేతిలో ఇనుము పెడతారు కదా, అది వట్టి నమ్మకం అని చెప్పడానికి. ఆ బొమ్మ దగ్గర ప్రతిచోటా నవ్వుతారు. ఎవరి ఇంట్లో వాళ్ల అవ్వ అట్లా చేసినదే. నవ్వించడం నాకూ ఇష్టం కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపు ఆపుతాను. ఈసారీ నవ్వారు. లక్ష్మీదేవి లేచి బయటికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టారు. ఆమె తినలేదు. ఏమైందమ్మా అని వరండాలో పక్కన కూర్చుంటే, మొహం ఎటో పెట్టుకుని చెప్పింది.

నాలుగు నెలల కిందట, శ్రావణి అనే ఐదేళ్ల పాపను ఫిట్స్ వస్తుండగానే తల్లి మద్దిలేటమ్మ భుజాన వేసుకుని కేంద్రానికి పరిగెత్తుకొచ్చింది. లక్ష్మీదేవి ఒక్కతే ఉంది. పాపను పక్కకు తిప్పింది. గడియారం చూసింది. మందు ఇనుప బీరువాలో ఉంది. బీరువా తెరవడానికి తాళాల గుత్తి చేతిలోకి తీసుకుంది. అది చూసిన మద్దిలేటమ్మ, నర్సమ్మ కూడా ఇనుము పెట్టడానికే తీసిందనుకుని గుత్తి గుంజుకుని బిడ్డ గుప్పిట్లో కుక్కింది. ఆ గుప్పిలి బిగుసుకుపోయింది.

“తీసుకోవచ్చు గదమ్మా” అన్నాను.

“తీసుకోవచ్చు సార్. మీరు చెప్పిందంతా నోటికి వస్తాండె ఆ పొద్దు. కానీ ఫిట్సులో ఇనుము పెరికితే పానం పోతాదని మా అమ్మ చిన్నప్పటి నుంచి చెప్తాండె. నా చెయ్యి ముందుకు పోలేదు.”

రెండో గుత్తి మండలంలో పెద్ద డాక్టరు దగ్గర ఉంది. అంబులెన్సు రావడానికి ముప్పావు గంట పట్టింది. అంతసేపూ మందు బీరువాలో, బీరువా తాళం పాప చేతిలో. ఇద్దరు ఆడవాళ్లూ ఆ చేతిని కాపాడుకుంటూ కూర్చున్నారు.

మధ్యాహ్నం తరగతి ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. నాలుగున్నరకు ఇద్దరం ఆటోలో ఆ ఊరికి పోయాం. పాపను చూడాలని నేనే అడిగాను. దారంతా శనగ కోసేసిన నల్లరేగడి, నెర్రెలు విచ్చి ఉంది.

శ్రావణి మంచమ్మీద ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ చూడవు. మెడ నిలవదు. అంతకుముందు ఇల్లు పీకి పందిరేసేటంత మాటకారి అట. నడుముకు మొలతాడు, దానికి ఒక తాళంచెవి. ఇలాంటి పిల్లల్ని ఎందరినో చూశాను. అయినా నేను సంపాదించుకున్నానని అనుకున్న ధైర్యం ఏదీ ఆ మంచం దగ్గర పనికి రాలేదు.

మద్దిలేటమ్మ నాకు స్టీలు గ్లాసులో టీ ఇచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మిరప కోతల కూలికి పోతుంది. లక్ష్మీదేవి చెయ్యి పట్టుకుని నాతో చెప్పింది:

“ఈ నర్సమ్మ దేవత సారూ. ఆ పొద్దు బీగాలు లేకుంటే నా బిడ్డ ఈడ ఉండదు. నేనే అడుక్కోని ఒక బీగంచెవి తెచ్చుకోని కట్టినా.”

ఫిట్స్ మళ్లీ రాకుండా ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రలు వేస్తున్నారా అని అడిగాను. నెల కిందట ఆపేశామని పాప అవ్వ చెప్పింది. ఇనుము ఉంది కదా, ఇంక మందులెందుకని. ఊళ్లో మరో రెండిళ్లవాళ్లు కూడా నర్సమ్మ దగ్గరకు వచ్చి తాళంచెవులు అడిగి తీసుకుపోయారట.

మాత్రలు ఆపితే మళ్లీ అలాంటి ఫిట్స్ వస్తాయి. ఈసారి ఆ కాస్త ఊపిరీ మిగలదు. ఆ మాట మాత్రం చెప్పాను, వేయక తప్పదని గట్టిగానే చెప్పాను. తల్లి తలూపింది. పెద్దడాక్టర్ల ముందు ఊపే తల అది, నలభై ఏళ్లుగా చూస్తున్నాను. ఇనుము వల్ల బతకలేదమ్మా, ఇనుము వల్లనే ఇట్లా అయింది అని చెబితే తప్ప ఆమె మాత్ర తుంచదు. ఆ మాట చెప్పకుండానే టీ తాగి గ్లాసు కింద పెట్టాను.

ఆటో దగ్గర లక్ష్మీదేవితో అన్నాను, నువ్వు చెప్పాలమ్మా, నిన్నైతే నమ్ముతుంది అని.

“ఏమని చెప్పల్ల సార్? నీ చేతులతోనే అయిందని చెప్పల్లనా?”

“చెప్పకపోతే పాప దక్కదు” అన్నాను. అని ఆటో ఎక్కాను. చెప్పాల్సింది ఆమె, పోవాల్సింది నేను. నా ఉద్యోగమంతా అట్లాగే గడిచింది.

ఆ రాత్రి బస్టాండు ఎదురు లాడ్జిలో పడుకున్నాను. గది శుభ్రంగానే ఉంది, నీళ్లు ఉప్పగా ఉన్నాయి. పొద్దున ఐదున్నరకు బస్సు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా కడపకు తొమ్మిదింబావు. కడపలో కారం దోసె గురించి చాలామంది రాశారు. నేను తిన్నాను, రుచి తెలియలేదు.

కడప తరగతిలో తాళంచెవుల బొమ్మ తీసేశాను. బదులుగా ఒకటి అడిగాను, ముక్కులో కొట్టే మందు ఎవరెవరి దగ్గర తాళంలో ఉంటుందని. అన్ని చేతులూ లేచాయి. తాళాలు ఎక్కడున్నాయంటే కొందరు నడుము తడుముకున్నారు, కొందరు హ్యాండ్‌బ్యాగు. అంటే ఆ పూట ఏ కేంద్రంలోనూ బీరువా తెరిచేవాళ్లు లేరు. మందును బయట గోడకు చిన్న పెట్టెలో తగిలించుకోండి అన్నాను. వెనక కూర్చున్న స్టోరు అధికారి మర్యాదగా లేచి, ఖరీదైన మందు బయట పెట్టడానికి రూల్సు ఒప్పుకోవు సార్ అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఎవరిదీ తప్పులేకుండానే ఇదంతా జరుగుతుంది, అదే నాకు మింగుడు పడనిది.

మూడింటికి పరీక్ష పెట్టాను. అందరికీ మంచి మార్కులు వచ్చాయి.

నాలుగు గంటలకు కర్నూలు బస్సు, మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా. ఎడమవైపు కూర్చోవద్దు, ఎండ మొహం మీదే కొడుతుంది. పక్కన కూర్చున్న పసుపు వ్యాపారి నా గుడ్డబొమ్మను చూసి, బాగ చేసినారు సారూ, యాడ కొన్నారు అని అడిగాడు. నేనే కుట్టించానన్నాను. దాని చేతులు మెత్తటి దూదివి, ఏం పెట్టినా పట్టుకోవు. ఇన్నేళ్లూ నేను ఎవరికి నేర్పానో, ఏం నేర్పానో అప్పుడు తెలిసినట్టయింది.

మైదుకూరులో ఐదుంబావుకు ఫోను మోగింది. లక్ష్మీదేవి.

పొద్దున్నే వెళ్లిందట. తప్పు తనమీద వేసుకుని, బీగాలు నేనే పాప చేతికిచ్చినా, అందుకే మందు ఆలస్యమైంది అని చెప్పిందట. మద్దిలేటమ్మ, లేదు నర్సమ్మా, నేనే గదా గుంజుకునింది అన్నదట.

“మాత్రలు?” అన్నాను.

“తీసుకునిరి సార్. పొద్దున ఒకటి ఏసినారు. అవ్వ ఏస్తాండాది.”

“తల్లి?”

“ఆయమ్మ బిడ్డను ముట్టుకోలేదు సార్. పొద్దున నుంచి ఎత్తుకోలేదు, బువ్వ పెట్టలేదు. రెండు చేతులూ కొంగులో చుట్టుకోని మూలకు కూచోనుండాది. ఇప్పుడు ఆయమ్మతో ఏమని మాట్లాడల్ల సార్?” అని అడిగింది.

బస్సులో సరిగా వినపడటం లేదమ్మా, తర్వాత మాట్లాడతాను అని ఫోను పెట్టేశాను. డ్రైవరు టీకి దిగి చాలాసేపయింది. ఇంజను కూడా ఆపేసే ఉంది.