అయ్య చెయ్యి

అరకు కొండల్లోని ఓ ఊళ్లో సోములమ్మ మాట వస్తే అందరికీ ముందు గుర్తొచ్చేది ఆమె ఇంట్లో విత్తనాల బుట్టే. ఆ బుట్ట కోసం అక్కాతమ్ముళ్లిద్దరూ అయిదు నెలలు ఉప్పూ నిప్పూ అయిపోయారంటే, ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీ!

ఏటా చోళ్లు, అంటే రాగులు, నూర్చాక, వాళ్ల అయ్య సోంబరు విత్తనం గింజల్ని బూడిదతో కలిపి వెదురు బుట్టలో పోసేవాడు. మూతికి పేడ మెత్తి, పచ్చిగా ఉండగానే అరచెయ్యి అద్దేవాడు. ఆ గుర్తు పడ్డాక ఎంత ఆకలేసినా బుట్ట ముట్టకూడదు. ఎప్పుడో గొడ్డలి దెబ్బకు ఆయన చిటికెనవేలు సగం తెగిపోయింది. తమ్ముడు మంగరాజు చిన్నప్పుడు ఆ గుర్తు మీద తన చెయ్యి పెట్టి, "అయ్య కన్నా నాదే పెద్ద ఏలు!" అని ఎగిరేవాడు. అయ్య పడీ పడీ నవ్వేవాడు. ఎంత మంచి రోజులవి!

పంతొమ్మిది వందల యాభై రెండు ఎండాకాలంలో మన్నెం జ్వరం ఆయన్ని మూడు రోజుల్లో తీసుకుపోయింది. తల్లి ఎప్పుడో పోయింది. ఇరవై ఏళ్ల సోములమ్మ నెత్తిన ఇంటి బరువు పడింది. తొలకరి కురిసింది. ఊరంతా పోడులో విత్తనం చల్లుతుంటే, పద్దెనిమిదేళ్ల మంగరాజు మాత్రం బుట్టని కావలించుకుని కూర్చున్నాడు.

"ఇది అయ్య సెయ్యి. పగలగొడితే ఒప్పుకోను."

"ఇత్తనం ఎయ్యకపోతే ఏటి తింటావురా? అయ్య సెయ్యి తింటావా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అనేసింది. మర్నాడు వాడు పశువుల వెంట వెళ్లగానే కొడవలి తీసింది. మొదటి దెబ్బకే ఏడుపు తన్నుకొచ్చింది. అయినా చెయ్యి ఆపలేదు.

సాయంత్రం వాడొచ్చి నేలమీది పేడ పెచ్చుల్ని చూశాడు. "అయ్యని రెండోసారి సంపేసినావప్పా" అని అక్కని అనేసి చిన్నాన్న ఇంటికి పోయాడు. చేలో కలుపు తీయడానికి వచ్చేవాడు గానీ, ఆమె ఈ చివరుంటే వాడు ఆ చివరనుంచే. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందని ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఇద్దరికీ వండి, ఒక్కతే తినేది.

కార్తీకంలో చోళ్లు ఇంటికొచ్చాయి. సోములమ్మ బుట్ట నింపి పేడ మెత్తింది. అరచెయ్యి ఎత్తింది గానీ అద్దలేకపోయింది. లేచి చిన్నాన్న గుమ్మం దాకా వెళ్లింది.

"పేడ ఆరిపోతంది. బేగి రా."

మంగరాజు ఆమె వెంట వచ్చాడు. బుట్ట ముందు కూర్చుని, చిటికెనవేలు సగానికి మడిచి, అరచెయ్యి పేడ మీద పెట్టబోయాడు.

అది చూసి సోములమ్మ కోపమంతా కరిగిపోయింది. వాడి చెయ్యి పట్టుకుని మడిచిన వేలు మెల్లగా చాపింది.

"అయ్య ఏలు అయ్యతోనే పోయింది, నాయినా. నీది నీకుంది కదా. నీ సెయ్యే ఎట్టు."

"అప్పా..." అని వాడు బావురుమన్నాడు. ఆమె తన చేతిని వాడి చేతిమీద వేసి గట్టిగా అదిమింది.

ఆ ఏడాది బుట్టమీద అయిదు వేళ్లూ పడ్డాయి.