జీడితోట మీదుగా ఏనుగుల దాకా

మా వివాహానికి యాభై ఏళ్లు నిండబోతున్నాయని, టెక్కలిలో ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న మా అమ్మాయి మమ్మల్ని ఎక్కడికైనా పంపాలని నిశ్చయించింది. వాళ్లమ్మ, అంటే నా భార్య, కాశీ అంటుందని నేను అనుకున్నాను. ఆమె ఆఫ్రికా అంది. అడవిలో తమ ఇష్టాన తిరిగే ఏనుగులను బండిలో కూర్చుని చూడాలట.

నాకు కోపం వచ్చింది. మందస దగ్గర మా జీడితోటలో ఎలుగుబంట్లు తిరుగుతున్నాయి. వాటి భయానికి తెల్లవారకముందు రాలిన జీడి పిక్కలు ఏరడానికి మనుషులు రావడం మానేశారు. ఈ విషయమై అధికారులకు నేను పెట్టుకున్న అర్జీల నకళ్లు తేదీల వారీగా బీరువాలో ఉన్నాయి. జవాబులు మాత్రం లేవు. జంతువులు మన కంచె దాకా వస్తుంటే సముద్రం దాటి చూడబోవడమేమిటని అడిగాను.

"ఎలుగొత్తే పారిపోడమే గాని, నిలబడి సూసినామేటి ఎప్పుడైనా?" అంది నా భార్య.

కాదనలేకపోయాను. ఇక చేసే పని సక్రమంగా చేయాలని కూర్చున్నాను. మా పిక్కల కోత వేసవితో ముగుస్తుంది. ఆ తరువాత మనకు వానలు పడే నెలల్లో టాంజానియాలో వానలుండవు, గడ్డి ఎండి జంతువులు నీటి దగ్గరకు చేరతాయి. కనుక శ్రావణమాసం అనుకూలమని తేల్చాను. విశాఖపట్నంలోని యాత్రల కంపెనీ వారి పుస్తకంలో ఒక పుటలో సింహం కనిపించి తీరుతుందని, చివరి పుటలో చీమ తలకాయంత అక్షరాలతో జంతువుల విషయంలో తమకు బాధ్యత లేదని ఉంది. ఈ రెండింటిలో ఏది నమ్మాలో తెలియజేయవలసిందిగా ఉత్తరం రాశాను. పాపం, ఫోను చేసి ఓపికగా మాట్లాడారు.

అంతా కుదిరాక నా భార్య అసలు మాట బయటపెట్టింది. తన తమ్ముడు కూడా వస్తేనే తాను వస్తుందట.

నా బావమరిదికి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. అతడు ఆఫ్రికా నుంచి పిక్కలు దిగుమతి చేసుకుంటాడు. ఆ దిగుమతుల వల్ల మా ఉద్దానం ప్రాంతపు రైతు పంటకు ధర పడిపోతోందని నేను ఏళ్ల తరబడి అర్జీలు పెడుతూ వచ్చాను. ఒకసారి అధికారుల సమావేశంలో, అందరి ఎదుట, అవి పుచ్చు పిక్కలని అన్నాను. నేను సరుకును అన్నాను. అతడు తననే అన్నానని అనుకున్నాడు. అప్పటినుంచి మా గడప తొక్కలేదు. తల్లి పోయాక అతణ్ణి చంకనెత్తుకుని పెంచిన అక్క మాత్రం ఒంటరిగా బస్సెక్కి పలాస వెళ్లి చూసి వస్తుండేది.

"ఏనుగులు కనబడితే కనబడతాయి, లేపోతే లేదు. మీరిద్దరూ ఒక్క బండిలో కూకుంటే నాను సూడాల" అంది.

నేను పలాస వెళ్లాను. ఫ్యాక్టరీ ఆవరణలో ఉడికించిన పిక్కల వాసన గాఢంగా ఉంది. బావమరిది లేచి కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. నేను చెప్పింది పూర్తిగా విన్నాడు.

"నా మీద అర్జీకి నా మిషన్లోనే జెరాక్సు తీయించుకున్నోడివి బావా నువ్వు. ఇప్పుడు నాతోటి సింహాల్ని సూత్తావా?"

అది ప్రజా ప్రయోజనం, ఇది కుటుంబ విషయం అన్నాను. అతడు నవ్వి, వెంటనే ఆపుకున్నాడు. వస్తానన్నాడు గాని ఒక షరతు పెట్టాడు.

"ఒక్క రోజు జంతువులొద్దు. ఆ దేశంలో నాకు పిక్కలమ్మే రైతు తోటకి రావాల. నువ్వు పుచ్చు పిక్కలన్న మాట ఆడి ముందర నిలబడి అను. అన్నాక ఏనుగులు సూద్దాం."

కోపంతోనే ఇంటికి వచ్చాను. జరిగింది చెబితే నా భార్య ఏమీ వాదించలేదు. తుఫానుకు మన చెట్లు వేళ్లతో సహా పడిపోయిన ఏడాదిని గుర్తు చేసింది. కొత్త మొక్కలు కాపుకొచ్చేదాకా మన వీధి ఆడవాళ్లు ఆటోల్లో పలాస వెళ్లి ఫ్యాక్టరీల్లో పిక్కలు ఒలిచి పప్పు తీసి బతికారని, అప్పుడు ఉద్దానంలో పిక్కే లేదని అంది.

"ఆల్లు తీసినవి ఎవుల పిక్కలండీ?"

ఆ ఏడాది వివరాలన్నీ నేను రాసి పెట్టుకున్నాను: పడిన చెట్లు, రాని సాయం, వచ్చి వెళ్లిన అధికారులు. మన పొయ్యిలు వెలిగించిన ఆ దూరదేశపు చెట్ల గురించి మాత్రం ఒక్క ముక్క కూడా రాయలేదు. మన రైతుకు గిట్టుబాటు ధర కావాలన్న నా అర్జీలను ఈనాటికీ వెనక్కి తీసుకోను. అయినా ముఖం తెలియని ఆ రైతుకు మా వీధి తరఫున ఒక దండం బాకీ ఉందని ఆ సాయంత్రం ఒప్పుకోక తప్పలేదు.

యాత్ర మొత్తం తిరగరాయవలసి వచ్చింది. పేరున్న మైదానాలు ఆ దేశానికి ఉత్తరాన ఉన్నాయి. జీడితోటలు దక్షిణాన, తీరం వెంబడి, మన ఉద్దానంలాగే ఇసుక నేలల్లో ఉన్నాయి. దక్షిణాన కూడా ఏనుగులు దండిగా ఉండే అడవులు ఉన్నాయని తెలిసి వాటినే ఎంచుకున్నాను. ఆ తోటలో చూడదగిన జంతువేమిటని కంపెనీ వారు ఫోనులో అడిగారు. రైతు ఉంటాడని చెప్పాను.

బావమరిదిని మా ఇంటికి పిలిచి, పుచ్చు పిక్కల మాట అక్కడ అననని నేనే స్వయంగా చెప్పాను. రైతుకు ఏమని చెప్పాలో నేర్పమన్నాను. అక్కడి భాషలో కృతజ్ఞత తెలిపే మాటను అతడు రెండుసార్లు పలికి వినిపించాడు. మనకు మాఘంలో కనిపించే జీడిపూత అక్కడ మనం వెళ్లేనాటికి ఉంటుందని, చెట్ల కింద తేనెటీగల మోత వినవచ్చని కూడా చెప్పాడు. అప్పకు చెప్పకుండా ఆ సంగతులన్నీ బావకే ఎందుకు చెప్తున్నావని నా భార్య పక్కనుంచి తమ్ముణ్ణి విసుక్కుంది. అప్ప అంటే అక్క. పెళ్లయిన నాటి నుంచి మా ఇంట్లో వినిపించిన ఆ పిలుపు, అతడు రావడం మానేశాక ఆగిపోయింది. ఇన్నేళ్ల తరువాత ఆ రోజు అతడు మా గడప తొక్కాడు. భోజనం మా వసారాలోనే చేశాడు.

ఆ భోజనం దగ్గరే ఫోనులో విమానం టిక్కెట్లు తీసుకుంటే వరుసలో మూడు సీట్లు దొరికాయి.

"కిటికీ అప్పది. నువ్వూ నానూ పక్కపక్కన. అంత దూరం మాటాడకుండా ఎలాగుంటావో సూత్తాను బావా" అన్నాడు.

నా భార్య మా ఇద్దరి వంకా చూసి, ఇంకాస్త పులుసు వడ్డించింది.