బాలెంత మట్ట

కరీంనగర్ చేపల బజారులో కొర్రమట్ట అంటే ఒకటే చేప. నల్లటి ఒళ్లు, పాములాంటి తల, నీళ్లలోంచి తీసినా ఓ పట్టాన ప్రాణం వదలని మొండితనం. కోస్తావాళ్లు కొరమీను అంటారు. మా పుట్టింటి వాడకట్టులో మాత్రం దానికి ఇంకో పేరు కూడా ఉంది. గుడ్లు పగిలి పిల్లలు లేచినప్పటి నుంచి, వాటిని కాసుకుంటూ తిరిగినన్నాళ్లూ దాన్ని మట్ట అనరు, బాలెంత అంటారు. పిల్లలు పెరిగి, రంగు మారి, తలోదారి పట్టాక మళ్లీ మామూలు మట్టే. మట్టను పట్టొచ్చు, కోయొచ్చు, పులుసు పెట్టుకోవచ్చు. బాలెంత జోలికి పోరు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో నాకు తెలియదు. మావి సాంచాలు నడిపి బట్ట నేసే ఇళ్లు. చేపలు పట్టడం మాకు సెలవునాటి సరదా. సరదాకు కూడా ఇన్ని నియమాలెందుకని నేను ఎప్పుడూ ఎగతాళి చేసేదాన్ని.

మా అన్నకు మాత్రం అది ఎగతాళి కాదు. వారమంతా సాంచాల చప్పుడులో ఉండీ ఉండీ చెవులు మొద్దుబారి, ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడతాడు. ఆదివారం చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి దగ్గర గాలం వేసుకుని కూర్చుంటే మాత్రం గొంతు దానంతటదే తగ్గుతుంది. మా వదిన అంటుంది, పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మెల్లగా మాట్లాడగా విన్నది అక్కడొక్కచోటేనని.

ఈ ఎండాకాలం చివర్లో, ముందే నాలుగు వానలు పడ్డప్పుడు, ఆ మత్తడి దగ్గర్నుంచి నాకు వీడియో కాల్ చేశాడు. "సూడు చెల్లె, బాలెంత" అన్నాడు గుసగుసగా. నాకేమీ కనిపించలేదు. రాళ్ల పక్కన నీళ్లమీద సన్న తుంపర పడుతున్నట్టుంది. "వానొస్తుందా అన్నా?" అన్నాను. "వాన గాదే, పిల్లలు. గాలి పీల్చెటందుకు మీదికొస్తున్నయి. వాటిని కన్న అవ్వ కిందనే ఉన్నది." అప్పుడు కనిపించాయి, ఎర్రగా, గుంపుగా, సన్నగా.

నాకు ఆపరేషన్ దగ్గర పడుతున్న రోజులవి. భయాన్ని జోకుల కింద దాచుకోవడం నాకు అలవాటు. "మంచిగుంది. మిరుగం దాక ఉంచు, నాకు పులుసు పెడుదువు" అన్నాను.

"నోటికి ఏదొస్తె అదేనా?" అని అన్న ఫోన్ పెట్టేశాడు.

గర్భసంచి తీసేశారు. నన్ను చూసుకోవడానికి వదిన కరీంనగర్ వచ్చింది. నాకు ఏ ముద్దా గొంతు దిగేది కాదు. అంతలో మిరుగం వచ్చింది. మృగశిర కార్తె మొదలైన నాడు మావైపు చేప ఉడకని ఇల్లుండదు. మా ఆయన బజారునుంచి బొచ్చె చేప ముక్కలు తెస్తే మట్టి వాసనని మొహం తిప్పుకున్నాను. మంచం మీది నుంచే అన్నకు ఫోన్ చేశాను.

"కుట్లు మానాలంటే మట్ట తినాలనేది గదా అవ్వ. చెల్లె కోసం ఒక్క మట్ట దొరకదా? ఇన్నేండ్ల సంది ఆ గాలం ఎందుకు పట్టినవే?"

కొంచెం ఏడ్చాను కూడా. అందులో సగం నిజం, సగం అన్న కరగాలని. "సూస్త" అన్నాడు.

మిరుగం దాటిన తర్వాత ఓ మధ్యాహ్నం బస్సు దిగి వచ్చాడు. చేతిలో తడి గోనెసంచి. వదిన దాన్ని అందుకుంది గానీ ఆయన మొహంకేసి చూడలేదు. బండ మీద వేసి బూడిద రుద్ది కడిగింది. చింతపండు తగ్గించి పులుసు పెట్టింది. తలకాయ నా కంచంలో వేసింది. మొదటి ముద్దకే నోటికి రుచి తెలిసింది. ఎన్నో రోజుల తర్వాత ఆకలి అనేది పుట్టింది. ఆ సంతోషంలోనే అడిగాను.

"ఏడ దొరికిందే అన్నా?"

"మత్తడి కాడ."

నా చెయ్యి ఆగింది. "మరి పిల్లలు?"

అన్న గోడకేసి చూశాడు. "తిను. సల్లారితె నీసు వాసనొస్తది."

తిన్నాను. ఇంతా చెప్పేది ఆ మాట కోసమే. కంచం పక్కకు పెట్టి ఉండొచ్చు. పెడితే అన్న తెచ్చింది మట్టిపాలవుతుందని నాకు నేను చెప్పుకున్నాను గానీ, అసలు సంగతి అది కాదు. బాగుంది కాబట్టి తిన్నాను. తలకాయలో ఎముకలు కూడా వదల్లేదు. ఇంకొంచెం పులుసు పొయ్యమని వదినను అడిగాను.

అన్న వెళ్లాక వదిన చెప్పింది. చీకటితో లేచి పోయి కూర్చున్నా ఏదీ గాలానికి పడలేదట. నేనేమో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేస్తూనే ఉన్నాను. చివరికి గాలం తీసుకెళ్లి ఆ పిల్లల గుంపు నడుమ వేశాడట. పిల్లల దగ్గరికి ఏదొచ్చినా తల్లి ఎగబడుతుంది. దానికి పనితనం అక్కర్లేదు. అట్లా పట్టేవాళ్లను మా అన్న నోరారా తిట్టేవాడు.

కుట్లు చూసి డాక్టరమ్మ సంతోషపడింది. "భలే మానిందే! ఏం తింటున్నారమ్మా?" అంది.

"కొర్రమట్ట" అన్నాను. వదిన పక్కనే ఉంది. ఆ రెండో పేరు నా నోటికి రాలేదు.

తల్లి లేకపోతే పిల్లల్ని మిగతా చేపలు బతకనిస్తాయా అని ఫోన్‌లో వెతికాను. మగ మట్ట కూడా పిల్లల్ని కాస్తుందని ఎక్కడో చదివాను. ప్రాణం లేచొచ్చింది. వెంటనే అన్నకు ఫోన్ చేసి చెప్పాను.

"కాస్తదేమో" అన్నాడు.

"పోయి సూసినవా?"

"నేనటు పోతలేనే."

ఆదివారాలు ఇంట్లోనే ఉంటున్నాడట. ఇంటికి తిరిగెళ్లిన వదినకు ఇప్పుడు వారమంతా అరుపులే వినిపిస్తున్నాయి. చేప పోయిందన్న బాధ కన్నా ఇది నన్ను ఎక్కువ తినేస్తోంది. నాకు రుచి తెచ్చిపెట్టడానికి ఆయనకు ఉన్న ఒక్క చోటు లేకుండా చేశాను. ఊరుకోలేకపోయాను. పొమ్మని బతిమాలాను, పోకుంటే మాట్లాడనని బెదిరించాను. అవే మాటలు, అదే ఏడుపు, అప్పుడు చేపకోసం వాడినవే.

మొన్న ఆదివారం వీడియో కాల్ వచ్చింది. ఫోన్ మత్తడి వైపు తిప్పాడు. రాళ్లు, పక్కన నీళ్లు. ఆ నీళ్లమీద అక్కడక్కడా సన్నగా చుక్కలు లేస్తున్నాయి.

"అన్నా, అగో! పిల్లలు! ఉన్నయి!"

ఆయన గొంతు తగ్గించలేదు.

"వానే, చెల్లె" అన్నాడు.