బాపు తినేదాకా ఆగిన కుక్కపిల్ల

మా కోడలు మొన్న ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించింది. కొత్తగా తెచ్చిన కుక్కపిల్లకు మూడు నెలలు నిండేదాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలలదాకా మూడుసార్లు, ఆ తర్వాత రెండుసార్లు పెట్టాలని పశువుల డాక్టరు చెప్పిందంతా అందులో రాసుంది. అంతటితో ఆగినా బాగుండేది, ఫోనులో అలారం కూడా పెట్టింది. అది మోగినప్పుడల్లా, నెత్తిమీద విమానం పోతున్న హోరులోనూ వినబడేట్టు, "అత్తమ్మా, జర పిల్లకు పెట్టుర్రి" అని మేడమీదనుంచి ఒక కేక. నా బీపీ గోళీ గుర్తుచేసే అలారం మాత్రం ఈ ఇంట్లో లేదు. ఒళ్లు మండి, మా చిన్నప్పుడు కుక్కలు గడియారం చూసి తిన్నాయా అని నిన్న గట్టిగానే అనేశాను. అన్నాక నా మనసే చివుక్కుమంది.

మా చిన్నప్పటి సంగతి నాకు తెలియదా మరి. మామిడిపల్లిలో మా ఇంట కుక్క కూడు మా నాన్న, అంటే బాపు, పళ్లెంలోనుంచే రావాలి. ఆయన తిని లేస్తూ విడిచిన ఆఖరి జొన్నరొట్టె ముక్కే దాని వంతు, అదీ రోజుకు ఒక్కసారి. ఇంటి పెద్ద తినకముందు కుక్కకు పెడితే అమ్మ ఊరుకునేది కాదు. పెద్ద కుక్కలు చేల వెంట తిరిగి ఏదో ఒకటి వెతుక్కునేవి కనుక ఆ పద్ధతి అట్లా సాగిపోయింది. నాకు ఎనిమిదేళ్లప్పుడు, తల్లి లేని కుక్కపిల్ల ఒకటి మా చేను గట్టున దొరికితే గౌనులో వేసుకుని ఇంటికి తెచ్చాను. దానికి నెలన్నర ఉంటుందేమో. సరిగ్గా ఆ మర్నాడే బాపు తుక్కుగూడలో మేనత్త ఇంటి పెళ్లి పనులకని పోయి మూడు రోజులు అక్కడే ఉండిపోయాడు.

బాపు లేడు కనుక విడిచిన ముక్కా లేదు. తెచ్చినదాన్ని నేనే కనుక, బాపు ఊళ్లో లేనప్పుడు దానికి నేనే పెట్టుకుంటున్నాననుకుంది అమ్మ. బాపు రానిదే పెట్టకూడదనుకున్నాను నేను. నా రొట్టె నేను తింటుంటే అది నా మోకాలు నాకుతూ కూర్చునేది, ఇగ వస్తడు ఆగు అని దానికి బుద్ధులు కూడా చెప్పాను. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మూడోనాడు పొద్దున అది లేవలేదు. మేకలు తోలుకుపోతున్న మా పెద్దనాయన ఆగి దాని పొట్ట తడిమి, "పిడికెడంత కడుపు బిడ్డా దీనిది. దినాం నాలుగు మాట్ల జరంత జరంత పెట్టాలె. పెద్ద కుక్క లెక్క ఆగుతదా ఇది" అన్నాడు. పాలు తాగించబోతే మింగలేదు, మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. సాయంత్రం బాపు వచ్చి, తిని, అలవాటు కొద్దీ ముక్క విడిచి లేచాడు. దాన్ని ఎవరికి పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

ఆ మేకలు మేసిన బీడంతా ఇప్పుడు ప్లాట్లయింది, పెద్దనాయనా లేడు, బాపూ లేడు. బడి మొహం చూడని పెద్దనాయన చెప్పిన నాలుగుసార్ల లెక్కే అరవై ఏళ్లకు మా ఫ్రిజ్ మీదికి వచ్చింది. మన కాలంలో అన్నీ సవ్యంగా ఉండేవని నా ఈడువాళ్లు మొదలుపెడితే నాకు విసుగు, అదే మాట నిన్న నా నోటినుంచే వచ్చినందుకు ఇంకా విసుగు. ఇవాళ అలారం మోగగానే, కోడలు కేక వేయకముందే లేచి గిన్నె పెట్టాను. ఈ పిల్ల తొందరేమీ లేకుండా నడిచొచ్చింది. నేనింకా తినలేదు, దానికి ఆ సంగతితో పనిలేదు. పెద్దలు తినకున్నా పిల్లకు పెట్టొచ్చని ఆనాడు మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.