గీత దాటిన ఎరుపు

ఇంద్రేశంలో ఎవరింట్లో సకినాలు చేయాల్సి వచ్చినా ముందు కౌసల్యకు కబురు వెళ్తుంది. ఆమె వచ్చేసరికి మిగతా ఆడవాళ్లు పాత చీర పరిచి, బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, తడిపి సిద్ధంగా ఉంచుతారు. ఆమె వేళ్ల మధ్య నుంచి పిండి సన్నటి తాడులా మెలితిరుగుతూ చీర మీద చుట్టలు చుట్టుకుంటుంది. ఊళ్లో ముచ్చట్లన్నీ చెబుతూనే చుడుతుంది. ముచ్చట ఆగినా తాడు తెగదు. పగలు బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పని, పొద్దూమాపూ రెండు బర్రెలు, ప్లాట్ల వెంచర్‌కు అమ్మగా మిగిలిన ఎకరంలో కూరగాయలు. ఇన్ని పనుల్లో ఆమెకు తనది అనిపించేది ఈ సకినాల పనే.

ఆమె కొడుకు శ్రావణ్‌కుమార్‌కు రామచంద్రాపురం అమ్మాయి హరిచందనతో పెళ్లి కుదిరింది. అమ్మాయి తల్లి నాగరత్నం ఫ్యాక్టరీ ఆసుపత్రిలో నర్సు. నాగరత్నం తండ్రి ఉద్యోగం కోసం తణుకు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మాటలు ఖాయమైన రోజున నాగరత్నం మొహమాటంగా చెప్పింది.

"సారెలోకి అరిసెలు, కజ్జికాయలు చేయించగలం వదినా. సకినాలు మాత్రం మాకు రావు. బజార్లో కొనేస్తాం."

"కొన్నయి మా ఆడబిడ్డ ముట్టది" అంది కౌసల్య. "మీ సారె సకినాలు గూడ నేనే చుట్టిస్త. ఎవరు చేసిన్రంటే మీరే చేసిన్రని చెప్త. అవుతల ముచ్చట నాకిడిచిపెట్టు."

పెళ్లికి నాలుగు రోజుల ముందు ఆడవాళ్లంతా కొత్త గాజులు వేసుకున్నారు. ఆ సాయంత్రమే కౌసల్య పశువుల కొట్టంలో గోనెసంచిలో కట్టిపెట్టిన పెద్ద కడాయిని బయటికి తీయబోయింది. సంచిలోకి చెయ్యి పెట్టగానే సూదితో పొడిచినట్టయింది. చెయ్యి విదిలించింది. పొడుగుకాళ్ల గోధుమరంగు సాలెపురుగు ఒకటి కిందపడి గడ్డివాము వైపు పరుగెత్తింది. కుడిచేతి వెనుక, బొటనవేలికి కాస్త పైన చిన్న చుక్క కనిపించింది.

అత్త లచ్చవ్వ వెంటనే పసుపు, సున్నం నూరి దట్టంగా పట్టించింది. రెండూ కలిసి కుంకుమరంగు తిరిగాయి.

సారె సకినాలకు బియ్యం ఇద్దామని అప్పుడే వచ్చిన నాగరత్నం ఆ చెయ్యి చూసి చేతిలో సంచి అక్కడే దించేసింది.

"ఏమైంది వదినా?"

"ఏం గాలె. సాలెపురుగు కరిసింది."

"ఊపిరి బాగానే ఆడుతోందా? కడుపులో పట్టేసినట్టుందా? మొహం గానీ పెదాలు గానీ వాచినట్టున్నాయా?"

"నా పెదిమెలు ఎప్పుడన్న ఆగినయా వదినా, వాసెతందుకు?"

కౌసల్య భర్త మల్లయ్య నవ్వాడు. "గదైతే నిజం. ఇరవై అయిదేండ్ల సంది సూస్తున్న" అన్నాడు.

నాగరత్నం మాత్రం నవ్వలేదు. చెయ్యిని వెలుతురులోకి తిప్పింది. "ఇంత ఎర్రగా ఉంటే కరిచిన ఎరుపేదో, మీ సున్నం ఎరుపేదో నాకెలా తెలుస్తుంది? ముందిది కడగాలి" అని సబ్బుతో, పంపు నీళ్లతో కడిగింది. అడుగున అసలు ఎరుపు రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దదిగా కనిపించింది. చుట్టూ వాపు మెల్లగా మణికట్టు వైపు పాకుతోంది.

"ఉంగరం, గాజులు తీసేయండి. వాపు పెరిగితే తర్వాత రావు."

కౌసల్య చెయ్యి వెనక్కి లాక్కుంది. "పెండ్లి గాజులు తీస్తరా? నా కొడుకు పెండ్లి గాకముందే కుడిచెయ్యి బోసిగ పెట్టుకోమంటున్నవా?"

లచ్చవ్వ గోడకు జారబడి అంది: "మంచి మాట చెప్పింది నా కోడలు."

నాగరత్నం క్షణం ఆలోచించింది. "తీసి పక్కన పెట్టమనడం లేదు. కుడిచేతివి ఎడమచేతికి మారుద్దాం. గాజులు మీ ఒంటిమీదే ఉంటాయి."

లచ్చవ్వే లేచి నూనె సీసా తెచ్చిచ్చింది. నాగరత్నం కొబ్బరినూనె రాసి, పల్చటి పాల కవరు చేతికి తొడిగి, దాని మీదుగా గాజులు ఒక్కొక్కటే జార్చింది. ఒక్కటీ పగల్లేదు. కౌసల్య ఎడమచెయ్యి మోచేతి దాకా నిండిపోయింది. తర్వాత నాగరత్నం గుడ్డలో ఐసు చుట్టి వాపు మీద పెట్టింది. పెన్ను తీసి ఎరుపు అంచున గీత గీసింది.

"చాలావరకు సాలీడు కరిస్తే తేనెటీగ కుట్టినట్టే. మంటపుట్టి, దురదపెట్టి తగ్గిపోతుంది. కానీ ఎరుపు ఈ గీత దాటినా, జ్వరం వచ్చినా, మధ్యలో నల్లబడినా, చీము పట్టినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆయాసం వచ్చినా, కడుపులో కండరాలు పట్టేసినా ఇంకేం చూడొద్దు, అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి వెళ్లాలి."

"రేపు సకినాలు చుట్టాలె కద!"

"గీత ఏం చెబుతుందో చూద్దాం."

తెల్లారి నాగరత్నం వచ్చేసరికి కౌసల్య వాకిట్లో నిలబడి చెయ్యినే చూసుకుంటోంది. ఎరుపు గీతను కప్పేసి మణికట్టు దాకా పాకింది. మంట కూడా పెరిగిందట. పిండి తడపడానికి వచ్చిన ఆడవాళ్లు చుట్టూ చేరారు. కౌసల్య ఎవరితోనూ మాట్లాడటం లేదు. నాగరత్నానికి భయం వేసింది అందుకే.

"అన్నయ్యగారూ, ఆటో పిలవండి."

పటాన్‌చెరులో డాక్టరమ్మ చెయ్యి చూసింది, జ్వరం ఉందేమో చూసింది. లేదు. దూది తడిపి మెల్లగా తుడిచింది. దూది ఎర్రబడింది. ఇంకో దూదితో తుడిచింది. అదీ ఎర్రబడింది. మూడోసారికి పెన్ను గీత బయటపడింది. కరిచిన ఎరుపు దానికి లోపలే ఉంది, నిన్నటికన్నా చిన్నదిగా. గీత బయట మాత్రం చర్మం కమిలి చిన్న పొక్కులు లేచాయి.

"దీనికేం రాశారు?"

నాగరత్నం కౌసల్య వైపు చూసింది. కౌసల్య మల్లయ్య వైపు చూసింది. మల్లయ్య గొంతు సవరించుకున్నాడు.

"మా అవ్వ రాసింది మేడం. ఇది పండుకున్నంక కోడలికి నొస్తుందని మల్ల పట్టిచ్చింది. నేను దీపం వట్టిన."

"నువ్వు దీపం వట్టినవా?" కౌసల్య గొంతు తిరిగొచ్చింది. "నేను పొద్దుగాల్నించి సస్తనని పరేషానైతుంటే నోరు మూసుకోని నిలవడ్డవా?"

"గదే మందు పని చేస్తుందేమోననుకున్న..."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "సాలెపురుగు తన పని ముగించుకుని వెళ్లిపోయిందమ్మా. ఈ మంట సున్నానిది. అయినా గీత దాటిందని వచ్చారు చూడండి, అది మంచి పని. నిజంగా అదే దాటి ఉంటే ఆలస్యం చేయకూడదు." ధనుర్వాతం ఇంజక్షన్ ఇచ్చి, పూత మందు రాసిచ్చింది. "పొక్కులు మానేదాకా ఈ చెయ్యి పిండిలో పెట్టొద్దు."

ఆటో ముత్తంగి దాటింది. కౌసల్య, "సారె ఎట్ల మరి?" అంది.

"నేను చుడతాను. మీరు చెప్పండి" అంది నాగరత్నం.

వాకిట్లో చీర పరిచే ఉంది. నాగరత్నం పిండి తీసుకుంది. తాడు రెండు వేళ్లంత సాగి తెగింది. అతికించింది. మళ్లీ తెగింది. "బిగ్గ వట్టకు వదినా, నాడి సూస్తున్నవా ఏంది?" అని కౌసల్య పక్కన కూర్చుని అరుస్తోంది. నాగరత్నం చుట్టినది ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నగా, తెగినచోటల్లా తోకలతో తయారైంది. ఆడవాళ్లు కొంగులు అడ్డుపెట్టుకుని నవ్వారు. నాగరత్నం కూడా నవ్వింది.

పొద్దున్నుంచి గడప దిగని లచ్చవ్వ మెల్లగా వచ్చి చీర అంచున కూర్చుంది. కౌసల్య కోడలిగా వచ్చాక ఆమె సకినాలు చుట్టడం మానేసింది.

"పిండి ఇటు తెండ్రి" అంది. ఆమె వేళ్లు వణికాయి, తాడు మాత్రం వణకలేదు. ఒక సకినం పూర్తి చేసి నాగరత్నం వైపు తిరిగింది. "సున్నం రాసిన చెయ్యే బిడ్డా. సూసి నేర్చుకో."

మధ్యాహ్నానికల్లా చీర నిండింది. కౌసల్య కడాయి దగ్గర కూర్చుని ఎడమచేత్తో జల్లిగంటె పట్టుకుంది. గంటె తిప్పినప్పుడల్లా రెండు చేతుల గాజులూ ఒక్క చేతిలోనే గలగలలాడాయి.

పెళ్లి నాటికి వాపు తగ్గి, గాజులు తేలిగ్గా కుడిచేతికి తిరిగొచ్చాయి. సారె బుట్ట విప్పాక ఆడబిడ్డ అందులోంచి ఒక వంకర సకినాన్ని ఏరి పైకెత్తింది. అందరికీ వినబడేలా, "ఇదేందే వదినె, సాలెపురుగు లెక్కున్నది! ఎవరు చేసిన్రు?" అంది.

కౌసల్య పకపకా నవ్వింది. పక్కనే ఉన్న నాగరత్నం భుజం మీద చెయ్యి వేసింది.

"మా వియ్యపురాలు చేసింది. కరవది తియ్, తిను."